సైకడెలిక్ ఔషధాలు – మాటల చికిత్స: కృష్ణా డెల్టా మానసికారోగ్య నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

మొండి కుంగుబాటుకు, దుర్ఘటనానంతర ఒత్తిడి రుగ్మతకు సైకడెలిక్ ఔషధాలను మాటల చికిత్సతో జోడించి అందించే పద్ధతిపై ఇటీవలి కాలంలో పరిశోధన విస్తృతమైంది. ఆ పద్ధతి పనిచేసే తీరును, దానికున్న ఆధారాలను, పరిమితులను వివరించి, విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతాల అవసరాలకు అది ఎంతవరకు అన్వయిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ఔషధాల ఫలితం వాటికి తోడయ్యే మాటపై ఆధారపడినందువల్ల, తెలుగులో నాణ్యమైన మాటల చికిత్సను ముందుగా సమకూర్చుకోవలసి ఉందని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సైకడెలిక్ ఔషధాలు, మాటల చికిత్స, సైలోసైబిన్, కెటమిన్, కుంగుబాటు, దివిసీమ, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ పరిసరాల్లో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. బతికి బయటపడినవారికి బియ్యం, బట్టలు, ఇళ్లు అందించే కృషి జరిగింది. కాని కళ్ల ముందే పిల్లలను పోగొట్టుకున్న తల్లికి ఆ తర్వాతి ఏళ్లలో కలిగే పీడకలలకు, ఉలికిపాటుకు, గాలి హోరు వింటేనే పుట్టే భయానికి అప్పటి వైద్యంలో స్థిరమైన పేరు కూడా లేదు. ‘దుర్ఘటనానంతర ఒత్తిడి రుగ్మత’ అనే నిర్ధారణ అమెరికన్ మనోవైద్య సంఘం వర్గీకరణ గ్రంథంలో చేరింది 1980లో, అంటే ఉప్పెన వచ్చిన మూడేళ్లకు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం వంటి ప్రాంతాలను రోజుల తరబడి నీటిలో ఉంచినప్పటికి ఆ రుగ్మతకు పేరు ఉంది, చికిత్స కూడా ఉంది. అది బాధితుని వాకిటికి ఎంతవరకు చేరుతున్నదన్నదే మిగిలిన ప్రశ్న. సైకడెలిక్ ఔషధాలపై నేడు జరుగుతున్న చర్చను ఈ ప్రశ్న వెలుగులోనే అర్థం చేసుకోవలసి ఉంటుంది.

2. సైకడెలిక్ ఔషధాలు: స్వరూపం, చరిత్ర

గ్రహణశక్తిలో, భావోద్వేగాల్లో, ‘నేను’ అనే స్పృహలో కొన్ని గంటలపాటు గాఢమైన మార్పు తెచ్చే పదార్థాలను సైకడెలిక్స్ అంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్.ఎస్.డి.ని తయారుచేసి, 1943లో దాని ప్రభావాన్ని గుర్తించారు. కొన్ని జాతుల పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్‌ను 1958లో వేరుచేసినవారు కూడా ఆయనే. ‘సైకడెలిక్’ అనే పదాన్ని మనోవైద్యుడు హంఫ్రీ ఆస్మండ్ 1956లో రూపొందించారు. 1950, 60 దశకాల్లో మద్యపాన వ్యసనం, ఆందోళన వంటి సమస్యలకు వీటితో ప్రయోగాలు జరిగాయి. వైద్యపరిధి దాటిన వాడకం, దానిపై వచ్చిన వ్యతిరేకత, 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక కలిసి ఆ పరిశోధనను దాదాపు నిలిపివేశాయి.

సైలోసైబిన్, ఎల్.ఎస్.డి.లు మెదడులోని సెరటోనిన్ గ్రాహకాల్లో 5-హెచ్.టి.2ఎ అనే రకంపై ప్రధానంగా పనిచేస్తాయి. ఎం.డి.ఎం.ఎ. ప్రధానంగా సెరటోనిన్ విడుదలను పెంచి, భయాన్ని తగ్గించి, ఎదుటివారిపై నమ్మకాన్ని పెంచుతుంది. కెటమిన్ ఈ రెండింటికీ భిన్నమైనది. 1962లో తయారై శస్త్రచికిత్సల్లో మత్తుమందుగా స్థిరపడిన ఈ ఔషధం గ్లూటమేట్ వ్యవస్థకు చెందిన ఎన్.ఎమ్.డి.ఎ. గ్రాహకాలను అడ్డుకుంటుంది. శాస్త్రీయంగా సైకడెలిక్ వర్గంలో చేరకపోయినా, అనుభవంలోని సామ్యం వల్ల దీన్ని కూడా ఈ చర్చలో భాగంగానే చూస్తారు.

3. మందుకు మాట తోడయ్యే తీరు

ఈ చికిత్సలో మూడు దశలు ఉంటాయి. మొదటిది సన్నద్ధత. రోగి జీవితచరిత్రను, భయాలను, ఆశలను చికిత్సకుడు వింటాడు. రాబోయే అనుభవం ఎలా ఉండవచ్చో వివరిస్తాడు. రెండవది మందు ఇచ్చే రోజు. నిశ్శబ్దమైన గదిలో, పర్యవేక్షణలో రోగి ఆరు నుంచి ఎనిమిది గంటలు గడుపుతాడు. మూడవది అన్వయం. ఆ రోజు కనిపించినదానికి, అనిపించినదానికి అర్థం వెదికి, దాన్ని నిత్యజీవితంలోకి తెచ్చుకునే సంభాషణ ఇది. మనఃస్థితి, పరిసరం అనే రెండింటిని బట్టి అనుభవం మేలుగానో కీడుగానో పరిణమిస్తుందని 1960ల నుంచే పరిశోధకులు గుర్తించారు. బిగుసుకుపోయిన ఆలోచనల గాడిని మందు కొంతకాలం సడలిస్తుందని, ఆ సడలిన వేళ కొత్త గాడిని వేయవలసిన బాధ్యత సంభాషణదని స్థూలంగా చెప్పవచ్చు.

4. ఆధారాలు, పరిమితులు

మొండి కుంగుబాటుతో ఉన్న 233 మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఒక మిల్లీగ్రాము సైలోసైబిన్ తీసుకున్నవారి కంటే 25 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో మూడు వారాల తర్వాత కుంగుబాటు గణనీయంగా తగ్గింది. అయితే 2021లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, 59 మందిని రెండు బృందాలుగా చేసి సైలోసైబిన్‌ను వాడుకలో ఉన్న ఎస్సిటలోప్రామ్‌తో పోల్చినప్పుడు, ప్రధాన కొలమానంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఎం.డి.ఎం.ఎ. విషయంలో 2021 నాటి అధ్యయనం ప్రత్యేకంగా గమనించదగినది. మొత్తం 90 మందికి ఒకే విధమైన మాటల చికిత్స అందింది; కొందరికి మందు, కొందరికి ఔషధగుణం లేని ప్లాసిబో ఇచ్చారు. చివరికి మందు తీసుకున్నవారిలో 67 శాతం మందికి రుగ్మత నిర్ధారణ వర్తించని స్థితి వచ్చింది. ప్లాసిబో తీసుకున్నవారిలో సైతం 32 శాతం మంది ఆ స్థితికి చేరుకున్నారు. ఈ రెండవ అంకె మందు లేకుండా కోలుకున్నవారిది. వారికి అందిన చికిత్సలో ప్రధానాంశం సంభాషణే.

పరిమితులు కూడా బలమైనవే. తనకు అసలు మందు అందిందో లేదో రోగికి సులభంగా తెలిసిపోతుంది కాబట్టి ఫలితాల్లో ఎదురుచూపు పాత్ర ఎంతో తేల్చడం కష్టం. ఒక ప్రయోగంలో చికిత్సకుల నైతిక ఉల్లంఘన బయటపడింది. ఇటువంటి కారణాలతో 2024 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎం.డి.ఎం.ఎ. చికిత్సకు ఆమోదం నిరాకరించి మరో అధ్యయనం కోరింది. ఆస్ట్రేలియాలో మాత్రం 2023 జూలై 1 నుంచి అధికృత మనోవైద్యులు ఈ రెండు ఔషధాలను నిర్దిష్ట రుగ్మతలకు రాయవచ్చు. తమకుగాని దగ్గరి రక్తసంబంధీకులకుగాని తీవ్ర మనోవైకల్యం ఉన్నవారిని సాధారణంగా ఈ ప్రయోగాల్లో చేర్చుకోరు. హృద్రోగం ఉన్నవారి విషయంలోనూ, లిథియం వాడేవారి విషయంలోనూ ప్రమాదం ఎక్కువ.

5. భారతీయ చట్టపరిధి

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎల్.ఎస్.డి., సైలోసైబిన్, ఎం.డి.ఎం.ఎ.లను నియంత్రిత పదార్థాల జాబితాలో చేర్చింది. వైద్య, శాస్త్రీయ ప్రయోజనాలకు చట్టం మినహాయింపు ఇచ్చినా, అనుమతుల పరిధి దాటి వీటిని కలిగి ఉండటమే నేరం. కెటమిన్ కూడా నియంత్రిత పదార్థమే. అయినప్పటికీ అది ఆసుపత్రుల్లో చట్టబద్ధంగా లభించే మత్తుమందు. కొందరు మనోవైద్యులు దాన్ని మొండి కుంగుబాటుకు వాడుతున్నారు. దాని ప్రభావం గంటల్లోనే కనిపిస్తుంది, కాని సాధారణంగా కొద్ది రోజుల్లో సన్నగిల్లుతుంది. మాట తోడు లేకుండా కేవలం ఇంజెక్షనుగా ఇచ్చినప్పుడు, తెరుచుకున్న తలుపు ఏమీ మారకుండానే మూసుకుపోయే అవకాశం ఉంది.

6. డెల్టా నేపథ్యం: ఒక లెక్క

ఎం.డి.ఎం.ఎ. అధ్యయనాల ప్రణాళికను గంటల్లోకి మార్చి చూస్తే సమస్య స్వరూపం తెలుస్తుంది. మూడు సన్నద్ధత సమావేశాలు, తొమ్మిది అన్వయ సమావేశాలు, ఒక్కొక్కటి గంటన్నర చొప్పున 18 గంటలు. మందు ఇచ్చే రోజులు మూడు, సుమారు ఎనిమిది గంటల చొప్పున 24 గంటలు. వెరసి 42 గంటలు. ప్రతి సమావేశంలో ఇద్దరు చికిత్సకులు ఉంటారు కనుక ఒక్క రోగికి 84 గంటల నిపుణ శ్రమ అవసరమవుతుంది.

భారతదేశంలో లక్ష జనాభాకు మనోవైద్యుల సంఖ్య సుమారు 0.75గా అంచనా. 2015–16 జాతీయ మానసికారోగ్య సర్వే మానసిక రుగ్మతల్లో చికిత్స అందని వారి శాతం, రుగ్మతను బట్టి, 70 నుంచి 92 వరకు ఉన్నదని తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదన్నది కూడా గమనార్హం. విజయవాడలో ప్రభుత్వ సిద్ధార్థ వైద్య కళాశాల, సమీపంలో మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. కాని నాగాయలంక నుంచి ఇన్నిసార్లు బస్సెక్కి నగరానికి రావడమంటే కౌలు రైతుకు అన్ని రోజుల పని పోవడమే.

భాష మరొక అంశం. డెల్టా పల్లెల్లో బాధ తరచుగా శరీరం మాటలుగా బయటికి వస్తుంది: గుండె దడ, ఒళ్లంతా మంటలు, నీరసం, ‘మనసు మనసులో లేదు’. తనను తాను మరచిన అనుభవాన్ని ఒకరు జబ్బు అనవచ్చు, మరొకరు పూనకం అనవచ్చు. ఆంగ్లంలో తయారైన అన్వయ సంభాషణను అనువదించి వాడితే ఈ భేదాలు జారిపోతాయి. వైద్యుని మాటకు ఎదురు చెప్పని మర్యాద బలంగా ఉన్నచోట, మందు ప్రభావంలో ఉన్న వ్యక్తి మరింత సులభంగా సూచనలకు లోబడతాడు. ‘మీరెలా అంటే అలాగే డాక్టరు గారూ’ అన్న మాటను సమ్మతిగా లెక్కించడానికి వీలులేదు. సమ్మతి విధానాన్ని కూడా తెలుగు సమాజ వ్యవహారాన్ని గమనించే రూపొందించవలసి ఉంటుంది.

ఈ సందర్భంలో గోవాలో జరిగిన ఒక అధ్యయనం దారి చూపుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన, తీవ్రమైన కుంగుబాటు ఉన్న సుమారు 500 మందిపై జరిగిన ఆ పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. మనోవైద్య పట్టాలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సమావేశాల మాటల చికిత్స అందించగా, మామూలు వైద్యం మాత్రమే పొందినవారి కంటే ఎక్కువ మంది కోలుకున్నారు. ఒక్కొక్క సమావేశం 30–40 నిమిషాలే కనుక, ఒక రోగికి పట్టే కాలం గరిష్ఠంగా సుమారు ఐదు గంటలు. 84 గంటలకు, ఐదు గంటలకు మధ్య ఉన్న అంతరమే విధానకర్తలు ముందుగా చూడవలసినది. రెండు పద్ధతులు ఒకే తీవ్రత ఉన్న రోగులకు ఉద్దేశించినవి కావు. అయినా మొదటి మెట్టు లేని చోట చివరి మెట్టు నిలవదు.

7. ముగింపు

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వైద్యసేవను ప్రతి వ్యక్తికి హక్కుగా గుర్తించింది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరుపై తెలుగులోనూ అందుతున్నది. ఇవి పునాదులు. సైకడెలిక్ ఔషధాలపై పరిశోధనను భయంతో తోసిపుచ్చడంగాని, అద్భుతంగా ఆరాధించడంగాని శాస్త్రీయం కాదు. బాధల వ్యక్తీకరణలపై తెలుగులో భాషాపరిశోధన, మాటల చికిత్సకు తెలుగు నమూనాలు, కెటమిన్ వాడకంలో సంభాషణ పాత్రపై నియంత్రిత అధ్యయనాలు – ఈ మూడూ ఈ ప్రాంత విశ్వవిద్యాలయాలు, వైద్య కళాశాలలు కలిసి చేపట్టదగిన పనులు. ఉప్పెన మిగిల్చిన తల్లి రేపు కొత్త మందు వచ్చినా, రాకపోయినా, తన మాటను తన భాషలో చివరికంటా వినే మనిషి కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. ఆ మనిషిని సిద్ధం చేయడానికి ఏ అనుమతి కోసమూ ఆగనవసరం లేదు.