ఒక్క పాటలో నాట్యం వచ్చేస్తుందా?

సినిమాలో హీరోయిన్‌కి నాట్యం రావడానికి ఎంతకాలం పడుతుంది? ఒక్క పాట! పల్లవిలో గురువుగారికి దండం పెడుతుంది, మొదటి చరణంలో తడబడుతుంది, రెండో చరణం అయ్యేసరికి వేదిక, వెలుగులు, చప్పట్లు! ఎవరికి మాత్రం ముచ్చటేయదు? 'సాగరసంగమం' (1983), 'స్వర్ణకమలం' (1988) ఎప్పుడు వేసినా నేనూ టీవీ ముందు నుంచి లేవను.

కానీ మా రాజవొమ్మంగిలో పక్కింటావిడ కూతుర్ని డ్యాన్సు క్లాసు మానిపించేసిందని విన్నప్పుడు ఈ పాటల మీద కోపమొచ్చింది. ఆదివారాలు నర్సీపట్నం బస్సెక్కించి మరీ పంపేది పాపం. "మూడు నెలలైందండీ, ఇంకా కాళ్లు తట్టడం దగ్గరే ఉంది. దీనికి రాదులెండి" అంది. ఆ పిల్లకు తొమ్మిదేళ్లు! అడుగులూ జతులూ కుదరడానికే ఏళ్లు పడుతుందని ఆ తల్లికి ఏ సినిమా చెప్పింది గనక?

కూచిపూడి తరంగమే తీసుకోండి. ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు ఆనించి, ఒక్కోసారి తలమీద నీళ్లచెంబు కూడా పెట్టుకుని, తాళం తప్పకుండా ఆ పళ్లేన్ని కదిలించాలి. పక్కన నట్టువాంగం, మృదంగం, గాత్రం అన్నీ అప్పటికప్పుడు సాగుతుంటాయి. సినిమాలోనో? పాట ముందే రికార్డయి ఉంటుంది. పాదాలు ఒక షాట్‌లో, మొహం మరో షాట్‌లో తీసి అతికిస్తారు. నడుమ ఆయాసం తీర్చుకోవచ్చు, చెదిరిన బొట్టు దిద్దుకోవచ్చు, చీరే మార్చేసుకోవచ్చు! వేదిక మీద గజ్జెలోంచి మువ్వ ఊడిపడినా నవ్వు చెదరకుండా, దాన్ని తొక్కకుండా ఆడాల్సిందే. అన్నట్టు, బిగించి కట్టిన వడ్డాణంతో బాత్‌రూమ్‌కి వెళ్లలేమని గంటల తరబడి నీళ్లు కూడా తాగని ఆడపిల్లలుంటారు. ఏ సినిమాలోనైనా చూశారా ఇది?

'మయూరి' (1985) నిజంగా జరిగిన కథే. సుధాచంద్రన్ 1981లో ప్రమాదంలో కుడికాలు పోగొట్టుకుంది. చిన్ననాటి నుంచీ భరతనాట్యం నేర్చుకున్న మనిషి. అయినా జైపూర్ కాలుతో నిలబడి, నడక నేర్చుకుని, అడుగు కుదుర్చుకుని మళ్లీ వేదికెక్కింది 1984లో. సింగీతం శ్రీనివాసరావు గారి సినిమాలో తన పాత్ర తనే వేసి మనల్ని ఏడిపించింది. ఆ ఏళ్లన్నీ మనకు ఒక ఆటలో అయిపోయాయి.

కాకినాడో విశాఖపట్నమో వెళ్లినప్పుడు నృత్య ప్రదర్శన ఏదైనా ఉంటే పిల్లల్ని తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టండి. అక్కడైతే చెమటకు కాటుక కరగడం కనిపిస్తుంది, జతి ముగిశాక ఆమె ఎగశ్వాస కూడా వినిపిస్తుంది.