బూటు గుండీ మీద చెయ్యి

మనిషి పోయాడన్న సంగతి బుద్ధికి వెంటనే తెలుస్తుంది. ఒంటికి తెలియడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఫ్రెంచి నవలాకారుడు మార్సెల్ ప్రూస్త్ (1871–1922) ఈ ఆలస్యాన్ని పట్టుకున్నంత గట్టిగా మరొకరు పట్టుకోలేదని నా నమ్మకం.

1913 నుంచి 1927 దాకా ఏడు భాగాలుగా వెలువడిన ఆయన మహానవల పేరెత్తితే అందరూ టీలో నానిన కేకు ముక్కనే తలుచుకుంటారు. నన్ను కదిలించేది మాత్రం నాలుగో భాగంలోని ఒక రాత్రి. కథకుడు బాల్బెక్ అనే సముద్రతీరపు ఊరికి రెండోసారి వస్తాడు. అమ్మమ్మ పోయి ఏడాది దాటింది. ఈలోగా ఆమెను తలుచుకున్నాడు, ఆమె గురించి మాట్లాడాడు కూడా, కానీ దుఃఖం రాలేదు. ఆ రాత్రి గుండె నీరసంగా ఉండి, మెల్లగా వంగి బూట్లు విప్పుకోబోతాడు. మొదటి గుండీ మీద చెయ్యి పడిందో లేదో, ఛాతీ ఉప్పొంగి వెక్కి వెక్కి ఏడుస్తాడు. మొదటిసారి ఇదే హోటల్లో అతను అలసిపోయి ఉంటే, బూట్లు విప్పడానికి వంగింది అమ్మమ్మే. అతను వద్దని చేయి వేయబోతే, చూపుతోనే బతిమాలి ఆపింది. ఇప్పుడు ఆమె ముఖం ఉన్నదున్నట్టు కళ్ళముందుకు వచ్చింది. ఇక ఎప్పటికీ లేదన్న ఎరుకా అప్పుడే కలిగింది. పక్కగది గోడ తట్టి ఆమెను పిలుచుకున్న రోజులున్నాయి. ఇప్పుడు ఎంత గట్టిగా తట్టినా ఎవరూ పలకరు.

పాత నవలల్లో చేతులు నలిపినా, తల దించినా అది అప్పటికే మనసులో ఉన్నదానికి గుర్తు. ఇక్కడ వరస తిరగబడింది: కదలిక ముందు, ఎరుక తర్వాత. నడుము వంగేదాకా ఆ దుఃఖం అతనికే తెలియదు.

ప్రూస్త్ కజిన్‌ను పెళ్ళాడిన తత్త్వవేత్త బెర్గ్‌సన్, 1896లోనే జ్ఞాపకం రెండు రకాలన్నాడు. వల్లెవేసిన పాఠంలా ఒంటికి అలవాటైపోయేది ఒకటి, ఫలానా రోజును ఆ రోజుగా నిలుపుకునేది మరొకటి. ప్రూస్త్ ఈ రెంటి మధ్య గీత చెరిపేశాడు. రోజూ చేసే పనిలోంచే, మళ్ళీ రాని ఒక సాయంత్రాన్ని పైకి తెచ్చాడు.

1939లో ఫ్రెంచి రచయిత్రి నతాలీ సరోత్ తన తొలి పుస్తకంలో ఈ దారిలోనే మరింత లోపలికి వెళ్ళింది. మాట పెదవి దాటకముందే ఎదుటి మనిషి వైపు మొగ్గడం, జంకడం, ముడుచుకోవడం — ఈ క్షణకాలపు కదలికలే ఆమెకు కథ. అందులో మనుషులకు పేర్లుండవు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్ళు బహు తక్కువ. 1957లో మళ్ళీ అచ్చయ్యేనాటికి కొత్త తరం నవలాకారులు ఆమె నడిచిన దారిలోకి వచ్చారు.