షాక్ అనగా నేమి? ఎన్యూరిజమ్ అనగా నేమి?

తెలుగు మాధ్యమమున చదివిన మన బాలికలలో కొందరు నర్సు విద్యకు పోవుచున్నారు. అచ్చటి పాఠ్యగ్రంథములు ఇంగ్లీషున ఉండును. మాటయు క్రొత్తది, విషయమును క్రొత్తది అగుటచే, అర్థమును విడిచి వాక్యములను వల్లించుటకు వారు పూనుకొందురు. ఇది పరీక్షలో కొంత చెల్లినను రోగి మంచము చెంత చెల్లదు. అందుచే వారిని తికమక పెట్టు రెండు మాటలను తల్లిదండ్రులకును బోధపడునట్లు ఇచ్చట వివరింపదలచితిమి. బిడ్డ సెలవులకు వచ్చినపుడు ఈ సంగతిని తెలుగున అడిగి చెప్పించుకొనుడు. తెలుగున చెప్పగలిగిన నాడు ఆమెకు అది నిజముగా అర్థమైనట్లు.

విద్యుత్తు తగిలినను, దుర్వార్త విన్నను షాక్ అనుట మనకు వాడుక. వైద్యశాస్త్రమున ఆ మాటకు అర్థము వేఱు. దేహమందలి కణములకు కావలసినంత ప్రాణవాయువును రక్తప్రసరణము అందింపలేని స్థితియే షాక్. పెరిగిన మనుష్యుని దేహమున సుమారు 5 లీటర్ల రక్తముండును. విశ్రాంతిగా ఉన్నపుడు సయితము గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్లను నెట్టును. ఈ రక్తము మరల మరల తిరుగుచుండునని 1628లో విలియం హార్వే అను ఆంగ్ల వైద్యుడు గ్రంథరూపమున నిరూపించెను. ఆ తిరుగుడు మందగించినచో మెదడు, మూత్రపిండములు, చివరకు గుండెయు దెబ్బతినును.

షాక్ నాలుగు విధములు. దక్షిణ పినాకినిపై కృష్ణగిరి చెంతనున్న ఆనకట్టను ఎఱిగిన మనకు వీనిని గ్రహించుట సులభము. కాలువ చివరి మడికి నీరందలేదనుకొనుడు. కారణమేమి? జలాశయమున నీరే తఱిగి ఉండవచ్చును. 2017 నవంబరులో ఈ ఆనకట్ట తలుపొకటి విరిగి నీరు వెలుపలికి పోయిన సంగతి మనవారికి జ్ఞాపకమే. లేదా నీరుండియు దానిని తోడు మోటారు బలహీనపడి ఉండవచ్చును. లేదా కాలువకు అడ్డముగా బండ పడి ఉండవచ్చును. లేదా గట్లు సడలి, నీరు పలుచగా పరచుకొని, ముందుకు సాగు ఒత్తిడి పోయి ఉండవచ్చును.

దేహమునందును ఇట్లే. గాయముచే, ప్రసవానంతర రక్తస్రావముచే, వాంతి విరేచనములచే ద్రవము తఱుగుట మొదటి విధము. గుండెపోటుచే గుండె బలము తగ్గుట రెండవది. గుండె చుట్టునున్న సంచిలో రక్తము నిండి దానిని నొక్కుట, ఊపిరితిత్తుల ధమనిలో గడ్డ అడ్డుపడుట మూడవది. తీవ్రమైన సూక్ష్మజీవుల వ్యాధిచే గాని, మందు లేక కందిరీగ కాటు పడకపోవుటచే గాని, వెన్నుపాము దెబ్బతినుటచే గాని రక్తనాళములు సడలిపోవుట నాల్గవది.

కారణము వేఱైనచో చికిత్సయు వేఱగును. రక్తము పోయినవానికి రక్తస్రావమును ఆపి రక్తమెక్కించవలెను. గుండె బలహీనమైన వానికి సెలైన్ ధారాళముగా నెక్కించినచో ఊపిరితిత్తులు నీటితో నిండును. మందు పడనివానికి తొడ కండరమున ఎడ్రినలిన్ సూది వెంటనే వేయవలెను. కావున “షాక్ కు సెలైన్” అని కంఠస్థము చేసిన విద్యార్థిని సగము పాఠమే నేర్చినదని మా అభిప్రాయము.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. రక్తపుపోటు పడిపోయినపుడే షాక్ ఆరంభమగునని పలువురు తలంతురు. అది సరికాదు. రక్తము తఱుగగానే దేహము ఊరకుండదు. గుండె వేగమును పెంచును. చర్మమునందలి నాళములను బిగించి ఆ రక్తమును మెదడునకు, గుండెకు మళ్లించును. ఈ ఉపాయముచే, మొత్తము రక్తములో దాదాపు మూడవ వంతు పోవువఱకు పై అంకె నిలిచియే ఉండవచ్చును.

ఒక లెక్క చూడుడు. శస్త్రచికిత్స అయిన రోగికి రాత్రి 8 గంటలకు నాడి 84, పోటు 124/80. తొమ్మిదింటికి నాడి 104, పోటు 118/86. తొమ్మిదిన్నరకు నాడి 122, పోటు 112/90. పై అంకెను మాత్రము చూచువారికి భయము తోచదు. కాని రెండు అంకెల నడుమ తేడా 44 నుండి 32కు, పిదప 22కు కుదించుకొనిపోయినది. నాడి అంకె పోటు అంకెను దాటినది. లోపల ఎచ్చటనో రక్తము కారుచున్నదని దీనికి అర్థము కావచ్చును. వైద్యుని పిలువవలసిన గడియ తొమ్మిదే గాని, పోటు 80కి పడిన గడియ కాదు.

చేతులు చల్లబడి చెమర్చుట, గోరు నొక్కి విడిచిన పిదప ఎఱుపు వచ్చుటకు రెండు సెకండ్లు మించుట, శ్వాస వేగమగుట, మూత్రము తగ్గుట, కారణము లేని కలవరము, ఇవియు ముందుగా వచ్చు గుర్తులే. అయితే నాల్గవ విధమున ఆరంభమున చర్మము వెచ్చగానే ఉండవచ్చును. వెన్నుపాము దెబ్బతిన్నపుడు నాడి మందముగా నుండవచ్చును.

ఎన్యూరిజమ్ అనగా ధమని గోడ ఒకచోట బలహీనమై ఉబ్బుట. అరిగిన టైరు సందునుండి సైకిలు ట్యూబు బుడగవలె పైకి వచ్చుట మనము చూచియున్నాము. ఇదియు అట్టిదే. ఉబ్బు పెరిగినకొలది గోడపై బిగువు హెచ్చును. బిగువు హెచ్చినకొలది ఉబ్బు పెరుగును. పొట్టలోని బృహద్ధమని సాధారణముగా సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పుండును. 3 సెంటీమీటర్లు చేరినచో దానిని ఎన్యూరిజమ్ అందురు. పురుషులలో 5.5 సెంటీమీటర్లు చేరినచో సామాన్యముగా శస్త్రచికిత్సను ఆలోచింతురు. పొగత్రాగుట, అధిక రక్తపుపోటు, వృద్ధాప్యము దీనికి ముఖ్య కారణములు. బీడీ త్రాగు పెద్దలున్న ఇండ్లవారు ఈ మాట గమనింతురు గాక.

ఈ వ్యాధి మౌనముగా పెరుగును. ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ పొట్టలోని బృహద్ధమనికి ఇట్టి ఉబ్బు ఉన్నట్లు 1948లో శస్త్రచికిత్సయందు కనుగొని, రుడాల్ఫ్ నిస్సెన్ అను వైద్యుడు దానికి సెలొఫేన్ చుట్టెను. 1955 ఏప్రిల్‌లో అది పగిలెను. మరల శస్త్రచికిత్సకు ఆయన ఒప్పుకొనలేదు. ఆ నెల 18వ తేదీన మరణించెను. నేడు అల్ట్రాసౌండ్ పరీక్షచే దీనిని బాధలేకయే ముందుగా కనుగొనవచ్చును.

రెండు మాటలకు సంబంధమిచ్చటనే ఉన్నది. పొట్టలో ఉబ్బు పగిలినచో వెలుపల ఒక్క చుక్క రక్తమైనను కానరాకయే మొదటి విధమైన షాక్ కలుగును. గుండె చెంతనున్న భాగము పగిలి రక్తము గుండె సంచిలో చేరినచో మూడవ విధమైన షాక్ కలుగును. అకస్మాత్తుగా పొట్టలోనో వీపులోనో దుర్భరమైన నొప్పి, సొమ్మసిల్లుట, పొట్టలో నాడివలె కొట్టుకొను గడ్డ ఉన్నచో నర్సు ఆ గడ్డను గట్టిగా నొక్కి చూడరాదు. తక్షణమే వైద్యుని పిలువవలెను.

ఇచ్చట మన భాష సంగతి యొకటి చెప్పవలెను. హోసూరు, డెంకణికోట, తళి, బాగలూరు, శూలగిరి ప్రాంతముల ఆసుపత్రులకు తమిళము, తెలుగు, కన్నడము, ఉర్దూ మాటలాడువారందఱు వత్తురు. ప్రాణభయమున మనుష్యుడు తల్లి భాషనే ఆశ్రయించును. “నాలుక పిడచగట్టినది, వీపు చీల్చినట్లున్నది, ప్రాణము కొట్టాడుచున్నది” అని ఒక అవ్వ గొణిగినపుడు, అది వట్టి కలవరింత కాదు, షాక్ గుర్తు కావచ్చునని గ్రహింపగలది తెలుగెఱిగిన నర్సు. కావున మాతృభాషలో చదువుట వృత్తికి అడ్డని తలంపకుడు. తెలుగుతోపాటు తమిళము, ఇంగ్లీషు గట్టిగా నేర్చినచో మన బిడ్డ ఒక మంచము చెంత కాక పది మంచముల చెంత పనికివచ్చును.

ఇంటిలోనో హోసూరు, కృష్ణగిరి నడుమ రహదారిపైననో ఇట్టి ఆపద కలిగినపుడు మనము చేయదగినవి కొలదియే. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టవలెను. వెల్లకిల పరుండబెట్టి దుప్పటి కప్పవలెను. రొమ్ము నొప్పితో ఆయాసపడువానిని కూర్చుండనియ్యవలెను. కాఫీ, సోడా త్రాగింపరాదు. 108కి వెంటనే ఫోను చేయవలెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదున ఆరంభమైన ఈ సేవ 2008లో తమిళనాడునకు వచ్చినది. రోడ్డు ప్రమాదమున గాయపడినవారికి తొలి 48 గంటల చికిత్స ఉచితముగా అందుటకై తమిళనాడు ప్రభుత్వము 2021 డిసెంబరులో ఒక పథకమును ప్రారంభించినది. ఖర్చునకు వెఱచి ఆలస్యము చేయరాదు.

నర్సు విద్యకు పోవు బిడ్డకు మేము చెప్పునది ఒక్కటే. అంకెను వ్రాసి ఊరకుండకుము. గడచిన అంకెతో పోల్చి చూడుము. సందేహము కలిగినచో అర్ధరాత్రియైనను వైద్యుని లేపుటకు జంకకుము. ఆ ధైర్యము పాఠ్యగ్రంథమున దొరకదు. బాల్యమునుండి ప్రశ్నింపనిచ్చిన ఇంటిలోను, బడిలోను అలవడును.