బాహువేగమూ – గురుధర్మమూ

క్రికెట్టు ఆటలో బంతి వేసేవాడు దూరంనుండి పరుగెత్తి వచ్చి, మోచేయి చాచకుండా చేయి త్రిప్పి, సాధారణంగా బంతిని నేలకు తాకించి విడుస్తాడు. అమెరికావారి బేస్‌బాల్ ఆటలో ఈ సౌకర్యాలేవీ లేవు. 10 అంగుళాల ఎత్తు గల మట్టిదిబ్బమీద నిలిచి, పరుగు లేకుండా ఒక్క అడుగు ముందుకు చాచి, 60 అడుగుల 6 అంగుళాల దూరాన ఉన్న లక్ష్యానికి బంతిని గాలిలోనే విసరవలెను. ఇట్లు విసిరేవానిని పిచర్ అంటారు. గంటకు 100 మైళ్ల వేగంతో అతడు విడిచిన బంతి బ్యాటు పట్టినవానిని చేరడానికి అర సెకండు కూడ పట్టదు. ఆ స్వల్పకాలపు విద్యను నేర్పడమే జీవనవృత్తిగా గలవారు పిచింగ్ శిక్షకులు. ఆటగాండ్ర పేర్లు లోకమంతా మారుమ్రోగుతవి. వారికి ఓనమాలు దిద్దించిన శిక్షకుల పేర్లు ఆ రంగంలోనివారికే తెలుస్తవి.

అట్టివారిలో వెస్ జాన్సన్ ఒకరు. ఆర్కాన్సా రాష్ట్రంలో ఉన్నత పాఠశాల బాలురకు ఆట నేర్పిన ఉపాధ్యాయుడాయన. అక్కడినుండి క్రమంగా కళాశాలలకు వచ్చినారు. తెలుగువారికి కొత్తకాని డల్లాస్ నగరంలోని బాప్టిస్టు విశ్వవిద్యాలయంలో 2015 వరకు, మిసిసిపీ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 2016లో, ఆర్కాన్సా విశ్వవిద్యాలయంలో 2017, 2018 సంవత్సరాలలో పిచర్లకు శిక్షణ ఇచ్చినారు. మిసిసిపీలో ఆయనవద్ద నేర్చిన డకోటా హడ్సన్‌ను 2016లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు మొదటి విడతలోనే ఎన్నుకొన్నది. ఆర్కాన్సాలో 2018లో బ్లేన్ నైట్ అనే విద్యార్థి 14 ఆటలు గెలిపించినాడు. అతని ఖాతాలో ఒక్క ఓటమియు లేదు. ఆ యేడు ఆర్కాన్సా జట్టు కళాశాలల ప్రపంచ శ్రేణిలో తుది పోటీవరకు వెళ్లి, ఆరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం చేతిలో ఓడినది.

జాన్సన్ పేరు వినబడడానికి కారణం వేగం. పూర్వపు శిక్షకులు ఎక్కువగా తమ కంటిని, అనుభవాన్ని నమ్ముకొన్నవారు. ఈ తరంవారు యంత్రాల సాక్ష్యం కూడ అడుగుతారు. పిచర్ పాదం నేలను ఎంత బలంతో నెట్టుతున్నదో చెప్పే పలకలు, రెప్పపాటును వందల ముక్కలు చేసి చూపే కెమెరాలు, బంతి ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించే పరికరాలు నేడు కళాశాలల మైదానాలకే వచ్చినవి. వాటిని పాఠంలో భాగం చేసికొన్నవారిలో జాన్సన్ ముఖ్యులు. ఆ లెక్కలు తేల్చిన సత్యమొకటున్నది: బంతివేగం చేతిలో పుట్టదు, పాదంలో పుడుతుంది. పాదం నేలను తన్నిన బలం తుంటికి, తుంటినుండి నడుముకు, భుజానికి, మోచేతికి, చివరకు వ్రేలికొనలకు ప్రాకుతుంది. చెర్నాకోల పిడిని బండివాడు కొంచెమే కదిలించినా కొన ఛళ్లుమన్నట్లే ఇదియును.

2018 చివర జాన్సన్‌ను మిన్నెసోటా ట్విన్స్ జట్టు తన పిచింగ్ శిక్షకునిగా పిలిచినది. వృత్తి క్రీడాకారుల జట్లలో ఏండ్ల తరబడి మెట్లెక్కినవారికి దక్కే ఆ పదవి కళాశాలనుండి నేరుగా వచ్చినవారికి దక్కడం మిక్కిలి అరుదు. 2019లో ట్విన్స్ 101 ఆటలు గెలిచి తమ విభాగంలో అగ్రస్థానం పొందినది. మరుసటి యేడు కూడ ఆ స్థానాన్ని నిలుపుకొన్నది.

ఇంతలో 2022 జూన్ మాసంలో, ఆటల కాలం సగంలో ఉండగా, జట్టు విభాగంలో ముందంజలో ఉండగా, ఆయన ఆ పదవి విడిచి లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి తరలిపోయినారు. సింహాసనం దిగి బడిపంతులు గద్దెకు వెళ్లినట్లు పలువురికి తోచినది. అయితే దక్షిణ రాష్ట్రాల పెద్ద విశ్వవిద్యాలయాలు శిక్షకులకిచ్చే జీతాలు తీసిపారవేయదగినవి కావు. వృత్తి జట్టు ఏటా 162 ఆటలకై ఊరూరా తిరుగుతుండగా, కళాశాల జట్టుకు ప్రధాన కాలంలో 56 ఆటలకు మించవు. అన్నిటికంటె ముఖ్యమైన భేదం శిష్యులది. పెద్ద జట్టుకు వచ్చే పిచర్ కాల్చిన కుండ. కళాశాలకు వచ్చే పద్దెనిమిదేండ్ల బాలుడు ఇంకను సారెమీది మట్టి.

ఆ సారెమీదికి 2023లో పాల్ స్కీన్స్ వచ్చినాడు. 6 అడుగుల 6 అంగుళాల ఆ యువకుడు కొలరాడోలోని వైమానిక దళ విద్యాలయంలో రెండేండ్లు చదివినవాడు. అక్కడ బంతి విసరడమే కాక, కాచర్‌గా బంతి పట్టేవాడు, బ్యాటు చేసేవాడు. లూసియానాలో పిచింగ్ ఒక్కటే ప్రధానమైనది. ఆ యేడు అతడు 209 మందిని స్ట్రైకవుట్ చేసి, బెన్ మెక్‌డొనాల్డ్ 1989లో నెలకొల్పిన 202 సంఖ్యను దాటి, ఆగ్నేయ విశ్వవిద్యాలయాల సంఘంలో కొత్త రికార్డు నెలకొల్పినాడు.

అసలైన పరీక్ష జూన్‌లో ఒమాహా నగరంలో జరిగినది. 22వ తేదీన వేక్ ఫారెస్ట్ జట్టుపై స్కీన్స్ ఎనిమిది ఇన్నింగ్సులలో 120 బంతులు విసిరి ఒక్క పరుగైనను ఇవ్వలేదు. పదకొండవ ఇన్నింగ్సులో లూసియానా 2–0తో గెలిచినది. తుది పోటీ ఫ్లారిడాతో మూడు ఆటలు. మొదటిది లూసియానాది. రెండవదానిలో 24–4తో ఘోర పరాజయం. 26వ తేదీన మూడవ ఆటకు నిలిచేసరికి ప్రేక్షకుల మనసులలో ఒకటే ప్రశ్న: స్కీన్స్ మళ్లీ దిబ్బ ఎక్కునా? విశ్వవిద్యాలయానికి కావలసినది ఆనాటి విజయం. ఆ యువకుని చేతికి కావలసినది విశ్రాంతి. ఆటను థాచర్ హర్డ్ ప్రారంభించినాడు. లూసియానా 18–4తో గెలిచినది. తుది పోటీ మూడు ఆటలలోను స్కీన్స్ ఒక్క బంతియు విసరలేదు. శ్రేణిలో ఉత్తమ క్రీడాకారునిగా మాత్రం అతనినే ఎన్నుకొన్నారు.

ఈ విజయగాథకు మరొక పార్శ్వం కలదు. అదే యేడు అదే జట్టులోని పిచర్లలో ఒకరికంటె ఎక్కువమంది మోచేతి గాయాలతో ఆటకు దూరమైనారు. ఇది ఒక్క జట్టు దురదృష్టం కాదు. మోచేతిలోపల రెండెముకలను బంధించే చిన్న స్నాయువు మీద ప్రతి వేగపుబంతి బరువూ పడుతుంది. 1974 వరకు అది తెగినవాని ఆట ముగిసినట్లే. ఆ యేడు డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే పిచర్ కుడి ముంజేతినుండి స్నాయువు తీసి ఎడమ మోచేతిలో అమర్చినారు. అతడు 1976లో తిరిగి వచ్చి 1989 వరకు ఆడినాడు. నేడు ఆ శస్త్రచికిత్సకు అతని పేరే నిలిచినది. అమెరికా పెద్ద జట్ల సంఘం 2024 డిసెంబరులో ప్రకటించిన నివేదిక పిచర్ల గాయాలకు వేగంకోసం సాగుతున్న పందెమే ప్రధాన కారణాలలో ఒకటని చెప్పినది. 2008లో 91 మైళ్లు దాటిన సగటు వేగం 2024 నాటికి 94 మైళ్లు దాటినది.

గురుదక్షిణగా ఏకలవ్యుని బొటనవ్రేలు పుచ్చుకొన్న ద్రోణుని కథ తెలిసిన జాతికి ఈ సంకటం క్రొత్త కాదు. ద్రోణుడు కావాలని అడిగినాడు. నేటి శిక్షకుడెవడును అడగడు, అయినను దక్షిణ చెల్లిపోవుచున్నది. వేగం నేర్పకపోతే శిష్యునికి భవిష్యత్తు లేదు. వేగం మితిమీరితే శిష్యునికి చేయి లేదు. ఈ రెంటి నడుమ సన్నని గట్టుమీద నడవడమే పిచింగ్ శిక్షకుని వృత్తి.

2023 జూన్‌లోనే జాన్సన్ జార్జియా విశ్వవిద్యాలయానికి ప్రధాన శిక్షకులుగా నియుక్తులైనారు. అయినను లూసియానా పోటీలు ముగిసేవరకు ఆ జట్టుతోనే ఉండి కార్యం నెరవేర్చి వెళ్లినారు. స్కీన్స్‌ను ఆ జూలైలో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు దేశంలోని క్రీడాకారులందరిలోను మొదటివానిగా ఎన్నుకొని 92 లక్షల డాలర్లు ఇచ్చినది. అతడు 2024లో నేషనల్ లీగులో ఉత్తమ నూతన క్రీడాకారుడైనాడు. 2025లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ బహుమానం పొందినాడు. ఆ బహుమానాలపై శిక్షకుని పేరుండదు. ఒమాహాలో విసరకుండా మిగిలిన బంతులు కూడ ఏ లెక్కలకు ఎక్కవు. పదేండ్ల తరువాత ఆ చేయి నొప్పిలేకుండా పైకి లేస్తే, అదే ఆ గురువులకు దక్కవలసిన దక్షిణ.