గేర్‌బాక్స్ ఎందుకు ఎక్కదు? ఎలా ఎక్కుతుంది?

లారీకి క్లచ్ ప్లేటు మార్చడం సగం పనే. దించిన గేర్‌బాక్సును మళ్లీ ఎక్కించడం మిగతా సగం, ఒళ్లు పులిసేది అక్కడే. జాకీ మీద పైకి లేస్తుంది, ఇంజన్ వైపు జరుగుతుంది, తీరా రెండంగుళాల దూరంలో మొండికేస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకునే ఏ కుర్రాడికైనా అప్పుడు వచ్చే ఆలోచన ఒకటే: "బోల్టులు పెట్టి బిగించేస్తే అదే వచ్చేస్తుంది కదన్నా?"

రాదు. వచ్చినా ఏదో ఒకటి విరగ్గొట్టుకునే వస్తుంది.

లోపల ఏం జరగాలి?

గేర్‌బాక్స్ ముందుకు పొడుచుకొచ్చిన క్లచ్ షాఫ్టు ప్రెషర్ ప్లేటు నడిమి నుంచి వెళ్లాలి. దాని పళ్లు క్లచ్ ప్లేటు హబ్బులోని గాడుల్లో కూర్చోవాలి. చివరికి దాని ముక్కు ఫ్లైవీల్ మధ్యనున్న పైలట్ బేరింగులో దూరాలి. ఇవన్నీ ఒకే వరసలో ఉంటేనే దారి. వాటి మధ్య ఉన్న సందు వెంట్రుకవాసి.

మరి వరస ఎందుకు తప్పుతుంది?

ప్రెషర్ ప్లేటు బిగించాక క్లచ్ ప్లేటు దానికీ ఫ్లైవీలుకీ మధ్య ఇరుక్కుపోతుంది. బిగించేటప్పుడు రెండు మిల్లీమీటర్లు కిందికి జారిందా, ఇక అక్కడే ఖైదు. అందుకే అనుభవమున్న మేస్త్రీ పాత గేర్‌బాక్సులోంచి తీసిన క్లచ్ షాఫ్టు ఒకటి దాచిపెట్టుకుంటాడు. దాన్ని ప్లేటులోంచి పైలట్ బేరింగుదాకా దూర్చి, అది ఉండగానే ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తాడు. ఆ తర్వాత షాఫ్టును రెండు వేళ్లతో లాగి, మళ్లీ తోసి చూస్తాడు. పట్టేయకుండా జారితే ప్లేటు నడుమనే ఉన్నట్టు. ఈ ఒక్క నిమిషం తర్వాత రెండు గంటలు మిగులుస్తుంది.

ప్లేటుకు ముఖం, వీపు ఉంటాయని మరవకూడదు. మామూలుగా స్ప్రింగులు ఉబ్బెత్తుగా ఉన్న వైపు గేర్‌బాక్సుకు ఉండాలి. ప్లేటు మీద ఏ వైపు ఎటో ముద్రించి ఉంటే దాన్నే నమ్మాలి. తిరగేసి పెడితే క్లచ్ విడవదు, మళ్లీ అంతా దించాల్సిందే. పళ్లకు గ్రీజు పల్చగా రాస్తే చాలు. ఎక్కువైతే అది ప్లేటు లైనింగు మీద చిమ్మి క్లచ్ జారుతుంది.

ఆగిపోయింది, ఇప్పుడెలా?

ఆగిన దూరమే కారణం చెబుతుంది. దూరం ఎక్కువుంటే సాధారణంగా పన్ను పన్నుకు తగిలి ఆగిందన్నమాట. గేర్‌బాక్సును టాప్ గేర్‌లో వేసి, ఒకరు ముందుకు తోస్తుంటే మరొకరు వెనకవైపు ఫ్లాంజిని చేత్తో మెల్లగా తిప్పాలి. పన్నుకు గాడి దొరికిన క్షణం చేతికే తెలుస్తుంది.

అరంగుళం దగ్గర ఆగితే మాత్రం షాఫ్టు ముక్కు పైలట్ బేరింగు అంచుకు తగులుతోందనుకోవాలి. ప్లేటు నడుమ లేకపోయినా ఇలా ఆగుతుంది, వాలు కుదరకపోయినా ఆగుతుంది. గేర్‌బాక్స్ దించాక ఆసరా తగ్గి చాలా బండ్లలో ఇంజన్ వెనక భాగం కాస్త కిందికి వాలుతుంది. దానికి కింద చెక్కదిమ్మ పెట్టి ఇంకో జాకీ ఇవ్వాలి. బెల్ హౌసింగ్ చుట్టూ సందును పైనా కిందా, కుడీ ఎడమా చూడాలి. నాలుగు వైపులా సమానమయ్యేదాకా జాకీలను సర్దాలి.

మధ్యలో టీకి వెళ్తూ గేర్‌బాక్సును షాఫ్టు మీద వేలాడనివ్వకండి. పెద్ద లారీ గేర్‌బాక్స్ వంద కిలోలు దాటుతుంది. ఆ బరువుకు ప్లేటు హబ్బు వంగితే కొత్త క్లచ్ మొదటి రోజు నుంచే సరిగా విడవదు, గేరు వేసినప్పుడల్లా గరగరమంటుంది. పై రంధ్రాల్లో తల కోసేసిన రెండు పొడవాటి బోల్టులు పెట్టుకుంటే గేర్‌బాక్స్ వాటి మీద పట్టాలెక్కినట్టు జరుగుతుంది.

బోల్టులు ఎప్పుడు?

సందు చేత్తోనే మూసుకున్నాక. బోల్టు పని గేర్‌బాక్సును పట్టి ఉంచడం, లాక్కురావడం కాదు. బలవంతంగా లాగితే పోత లోహపు హౌసింగ్ చెవి విరుగుతుంది. పైపు, వైరు మధ్యలో నలగలేదని చూసుకుని అప్పుడు చుట్టూ బిగించండి.

పెడల్ ఆట సరిచేశాక ఇంజన్ స్టార్టు చేసి, క్లచ్ తొక్కి, ఒక్క క్షణం ఆగి రివర్సు వేయండి. చప్పుడు లేకుండా పడిందా, ఇక చేతులు కడుక్కోవచ్చు.