ముందు మాల, తరువాత పిలుపు

తిరుమల ఆలయ మహాద్వారం దగ్గర వేలాడే గునపాన్ని మీరెప్పుడైనా గమనించారా? అది అనంతాళ్వారుది అంటారు.

సుమారు తొమ్మిది వందల ఏళ్ళనాటి మాట. కొండమీద స్వామికి పూలతోట పెంచి, నిత్యమూ మాలలు కట్టేవారెవరని శ్రీరంగంలో రామానుజులవారు శిష్యులను అడిగారట. కొండ చలికి జంకి అందరూ తలలు వంచుకుంటే, అనంతాళ్వారు ఒక్కరే లేచారు. భార్యతో కొండకు చేరి, ఈ గునపంతోనే చెరువు తవ్వి, తోట వేశారు. ఆయన పేరిట తోట అక్కడ నేటికీ ఉంది.

ఒకనాడు ఆయన మాల కడుతుండగా, స్వామి రమ్మంటున్నారని సన్నిధి నుంచి కబురు వచ్చింది. ఆయన కదలలేదు. మాల పూర్తిచేసుకునే వెళ్ళారు. ఆలస్యమేమని స్వామి అడిగితే, "మొగ్గలు విచ్చే వేళ స్వామీ! గురువుగారు నన్ను పంపింది ఈ పనికే గదా!" అన్నారట. "కొండ దిగి పొమ్మంటే?" అన్నారు స్వామి. "తమరూ ఇక్కడికి వచ్చినవారే. నాకంటె కొంచెం ముందు వచ్చారు, అంతే!" అని జవాబు. స్వామి సంతోషించారని ఐతిహ్యం.

దర్శనం గొప్పది కాదని ఆయన అనలేదు. ఏది ముందో తెలుసుకున్నారు, అంతే. మన ఇళ్ళలోనూ చిక్కు చెడ్డపనులతో కాదు, మంచిపనులతోనే. పెళ్ళిపిలుపు, చుట్టాల రాక, పిల్లవాడి పరీక్ష, అత్తగారి మందు అన్నీ ఒక్కపూటే వచ్చి పడతాయి. అప్పుడు అడగవలసింది ఏది గొప్పదని కాదు, ఏది నా చేతిలో పెట్టిన పని, ఏది ఆగలేనిది అని. స్వామి కాసేపు ఆగగలడు. విచ్చే మొగ్గ ఆగదు.