బండి బలానికి హద్దు గీసే వాల్వ్

నేలలో పాతుకుపోయిన బండ కింద బకెట్ పళ్లు దూర్చి జేసీబీ ఆపరేటర్ లివర్ లాగుతాడు. బండ కదలదు. ఇంజిన్ మోత బరువెక్కుతుంది, లోపలెక్కడో సన్నగా కీచుమంటుంది. బకెట్ అక్కడే బిగుసుకుపోతుంది గానీ పైపు పగలదు, సిలిండర్ రాడ్డు వంగదు. ఆ కీచుమనేది రిలీఫ్ వాల్వే.

హైడ్రాలిక్ పంపు చేసేది ఆయిల్‌ను నెట్టడం మాత్రమే. ఆ ఆయిల్‌కు ఏదైనా అడ్డుపడితేనే ఒత్తిడి పుడుతుంది. ఖాళీ బకెట్ లేపితే తక్కువ, మట్టి నిండితే ఎక్కువ. పిస్టన్ అసలే కదలకపోయినా గేర్ పంపు తిరిగినంతసేపూ నెడుతూనే ఉంటుంది. ఆయిల్ గాలిలా నొక్కుకుపోదు కాబట్టి ఒత్తిడి రెప్పపాటులో ఎగబాకుతుంది. దారి దొరక్కపోతే హోస్ పైపో, సీలో, పంపు బాడీయో పగలాల్సిందే.

ఆ దారి చూపేదే ఈ వాల్వ్. ఒక రంధ్రం, దాన్ని మూస్తూ మొనదేలిన ఉక్కు ముక్క, దాన్ని వెనకనుంచి అదిమిపట్టే స్ప్రింగు. ఆయిల్ తోపు స్ప్రింగు బలాన్ని మించగానే ముక్క లేస్తుంది, ఆయిల్ ట్యాంకులోకి వెళ్లిపోతుంది. ఒత్తిడి దిగితే మళ్లీ మూసుకుంటుంది. ఆయిల్ ఎక్కువగా పారే పెద్ద యంత్రాల్లో ముందు చిన్న పైలట్ వాల్వ్ తెరుచుకుంటుంది. దాంతో పెద్ద వాల్వ్ వెనక ఒత్తిడి పడిపోయి, అదీ తెరుచుకుంటుంది.

స్ప్రింగును ఎంత బిగించాలో తేల్చేది ఒక స్క్రూ. వాల్వ్ తెరుచుకునే ఒత్తిడి హద్దు బ్యాక్‌హో లోడర్లలో సుమారు 250 బార్, 20 టన్నుల ఎక్స్‌కవేటర్లలో 350 బార్ దాకా ఉంటుంది. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న పిస్టన్ మీద 250 బార్ పడితే దాదాపు 20 టన్నుల బలం వస్తుంది. అంటే బండి ఎంత బరువు లేపగలదో చెప్పేది ఇంజిన్ ఒక్కటే కాదు, ఈ స్క్రూ కూడా.

లివర్ వదిలేశాక సిలిండర్‌లో ఆయిల్ బందీ అయి ఉంటుంది. అప్పుడు బకెట్‌ను మోసే బూమ్ మీద బండరాయి పడితే ఆ దెబ్బ మెయిన్ రిలీఫ్ వాల్వ్‌దాకా చేరదు. అందుకే సిలిండర్ లైన్లకు వేరే వాల్వులు, కాస్త ఎక్కువ ఒత్తిడికి బిగించి, పెడతారు.

వాల్వ్ గుండా పోయే శక్తంతా వేడవుతుంది. నిమిషానికి 100 లీటర్లు 250 బార్ వద్ద పోతే 40 కిలోవాట్లు దాటుతుంది. ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు 20 ఒకేసారి వేసినంత! బండ కదలదని తెలిశాక కూడా లివర్ పట్టుకు కూర్చుంటే ఆయిల్ కాగి పలచబడుతుంది, సీళ్లు గట్టిపడి పాడవుతాయి.

బండి లోడ్ తీయట్లేదంటే కొందరు వెంటనే స్క్రూ బిగిస్తారు. అసలు కారణం పంపు అరిగిపోవడమో, వాల్వ్ సీటులో నలుసు ఇరుక్కోవడమో కావచ్చు. పంపు అరుగుదల స్క్రూతో తీరదు. హద్దు దాటి బిగిస్తే పంపు మీద, హోసుల మీద, బూమ్ వెల్డింగుల మీద భారం పెరుగుతుంది. ముందు గేజ్ తగిలించి, ఆయిల్ వేడెక్కాక, సిలిండర్‌ను చివరిదాకా పోనిచ్చి ఒత్తిడి చూడాలి. గేజ్ లేకుండా స్క్రూ మీద చెయ్యివేసే మెకానిక్‌కు బండి అప్పగించకపోవడమే మేలు.